అమ్మ తప్పు కాదు

అమీర్‌పేటలో ఒక తల్లి. ఇళ్లలో పని చేస్తుంది. అయిదేళ్ల కొడుక్కి జ్వరం తగ్గలేదు. ఒళ్లు పాలిపోయింది. చిగుళ్లలో రక్తం కారింది. పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రికి తీసుకుపోయింది. పరీక్షలు చేసి రక్త క్యాన్సర్ అన్నారు.

"నా తప్పేనా డాక్టరుగారూ?"

"కాదమ్మా. దిష్టి కాదు, అంటురోగం కాదు. ఎముకల మూలుగలో రక్తకణాలు చెడి, అదుపు లేకుండా పెరుగుతాయి. చాలామంది పిల్లల్లో కారణం తెలియదు. దీనికి టీకా లేదు. ఒక జాగ్రత్త ఉంది. ఎక్స్‌రే తీసే ముందు, కడుపుతో ఉంటే ఆ మాట చెప్పాలి. ఈ ప్రమాదాన్ని 1956లో ఇంగ్లండు డాక్టరు ఆలిస్ స్టీవర్ట్ గుర్తించింది."

"నయమవుతుందా?"

"చాలామందికి నయమవుతుంది. రెండు మూడేళ్లు మందు మానకూడదు. ఈ మందులకు దారి చూపినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు."

చెప్పండి: ఎక్స్‌రేకి ముందు గర్భిణి ఏం చెప్పాలి?