ట్యూబ్‌లైటు వేస్తే సరిపోదు



మాది ఉప్పల్ దగ్గర ఒక కాలనీ. 150 గజాల్లో ఇల్లు కట్టుకుని 14 ఏళ్లయింది. మా పడమటి గోడ పక్కన 60 గజాల బిట్టు ఇన్నాళ్లూ ఖాళీగా ఉండేది. ఈ మధ్య దాన్ని ఒక ఆటో డ్రైవర్ కుటుంబం కొనుక్కుని పునాదులు తవ్విస్తోంది. పైన ఇంకో అంతస్తు కూడా వేస్తారట. ఇసుక మా గేటు ముందే పోశారు, కారు బయటికి తీయలేకపోతున్నాం. ఇల్లంతా దుమ్ము. అన్నిటికన్నా పెద్ద బాధ, ఆ వైపున్న మా కిటికీలు రెండూ మూసుకుపోతాయి. వెనక గదిలో మా అత్తగారుంటారు. మోకాళ్ల నొప్పులు, ఎక్కువగా మంచం మీదే ఉంటారు. ఆ గదికి ఇంకో ట్యూబ్‌లైటు వేస్తే సరిపోతుంది. కానీ వంటింటికి గాలి రాకపోతే ఎలా? ఇక ఇంట్లో వెలుతురు వచ్చేది రోడ్డు వైపు మా అబ్బాయి గదికొక్కదానికే. వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, పండగలకు వస్తాడు. మావారు మున్సిపాలిటీలో ఫిర్యాదు చేసి పని ఆపిస్తానంటున్నారు, అవసరమైతే కోర్టుకైనా వెళ్తారట. మేమేం చేయాలి?
– ఒక సోదరి

జవాబు:

ఫిర్యాదు ఆలోచన మానుకోండి. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో కింద ఒకటి, పైన ఒక అంతస్తు వేసుకునేవాళ్లకు అనుమతి అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. కిటికీ వెలుతురు మీద హక్కు అడగాలంటే, 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 20 ఏళ్ల నిరాటంకమైన అనుభవం ఉండాలంటుంది. మీకు 14 ఏళ్లే. పైగా మీ కిటికీలు నేరుగా పక్కవాళ్ల స్థలంలోకి తెరుచుకుంటున్నాయంటే, ఆ వైపు మీరు వదలాల్సిన ఖాళీ వదల్లేదన్నమాట. టేపు పట్టుకుని అధికారి వస్తే మొదట కొలిచేది మీ గోడనే. ఆటో నడుపుకుంటూ 60 గజాలు కొనుక్కున్న కుటుంబం అందులో ఏం వదులుతుంది, ఏం కట్టుకుంటుంది? ఇన్నేళ్లూ వాళ్ల స్థలం మీదుగా వచ్చిన గాలీ వెలుతురూ మీరు అనుభవించారు. ఇక వాళ్ల వంతు. ఇసుక జరపమని నవ్వుతూ అడగండి, జరుపుతారు. వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించుకోండి. నిజంగా జాగ్రత్త పడాల్సింది పునాది దగ్గర. మీ గోడ పొడవునా ఒకేసారి తవ్వొద్దనీ, వానలొచ్చేలోపు గుంతలు పూడ్చమనీ మేస్త్రీతో చెప్పండి. ఇప్పుడే గోడ ఫోటోలు తీసి పెట్టుకోండి, ఒక ఇంజినీరుకు చూపించండి.

మీకు జవాబు రాయాలనిపించింది వీటి కోసం కాదు. ట్యూబ్‌లైటు మాట చదివాక ఊరుకోలేకపోయాను.

నాలుగు నిమిషాలు వంట చేసి బయటికొచ్చే గదికి గాలి కావాలని బాధపడ్డారు. పగలూ రాత్రీ మంచం మీద గడిపే మనిషికి మాత్రం ట్యూబ్‌లైటు చాలన్నారు. కోర్టు దాకా వెళ్తానన్న మీవారైనా, చీకటయ్యేది తన తల్లి గది అని ఒక్కసారి అన్నట్టు మీ ఉత్తరంలో లేదు. అదే ఇంట్లో, వెలుతురొచ్చే మీ అబ్బాయి గది ఏడాదిలో ముప్పాతిక రోజులు తాళం వేసి ఉంటోంది! ఇంట్లో లేని కొడుక్కి వెలుతురు, ఉన్న తల్లికి చీకటీనా? మీ అత్తగారి కిటికీని మూసేస్తున్నది పక్కింటివాళ్లు అనుకోకండి.

వయసు మళ్లిన కంటికి చిన్నవాళ్లకన్నా ఎక్కువ వెలుతురు కావాలి. లేకపోతే గడప కనిపించదు, పడిపోతారు. పగటి వెలుగు చూడని మనిషికి రాత్రి నిద్ర కూడా సరిగా పట్టదు. ఆ తర్వాత "అర్ధరాత్రి లేపుతుంది" అని విసుక్కునేదీ మనమే.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. వెనకటి ఇళ్లల్లో పెద్దవాళ్ల చోటు వీధి అరుగు. వచ్చేపోయేవాళ్లు పలకరించేవారు, కూరగాయల బేరమూ వాళ్లదే, పిల్లలు బడి నుంచి వచ్చారో లేదో మొదట తెలిసేదీ వాళ్లకే. మంచానికి అంటుకుపోయినా ఇంటి వ్యవహారం వాళ్ల కళ్లముందే నడిచేది. ఇప్పుడు అప్పులు చేసి కట్టుకునే ఇళ్లల్లో రోడ్డు వైపు గదులు సోఫాలకూ, ఎప్పుడో వచ్చే చుట్టాలకూ, అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకూ పోతున్నాయి. బాత్‌రూము దగ్గర, సౌకర్యం అనే పేరుతో, తల్లిదండ్రులకు వెనక గది మిగులుతోంది. వాళ్లకు అన్నం, మందులు వేళకు అందుతాయి. మనిషి మొహం అందదు.

మీ అబ్బాయికి ఫోన్ చేసి, "నీ గది నానమ్మకిస్తున్నాం" అని చెప్పండి. అడగకండి, చెప్పండి. పండక్కి వస్తే హాల్లో పడుకుంటాడు. బాత్‌రూము దూరమైతే దారిలో గోడకు పట్టుకునే రాడ్లు బిగించండి, లేదా మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టండి. మీ అత్తగారు మొదట "నాకెందుకే, ఇక్కడే బాగుంది" అంటారు. ఆ మాట పట్టుకుని ఆగిపోకండి. పక్కింటి గోడ మీ కిటికీ దాకా లేచేలోపే మీరూ మీవారూ కలిసి ఆ మంచం రోడ్డు వైపు గదిలోకి మార్చండి.