టర్బో కారులో సన్న గొట్టాలు - పుష్ ఫిట్టింగుల ఎంపిక

పదో తరగతి వరకు మన హాస్టల్లోనే ఉండి, తర్వాత ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చదివాను. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో పని చేస్తున్నాను. సంచికకు నా పని గురించి ఏదైనా రాయమని వార్డెన్ సార్ అన్నారు. నేను పొరపాటు చేసి నేర్చుకున్నదే రాస్తున్నాను.

ఇంజన్ నుండి పోయే వేడి పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి పంపుతుంది. ఈ ఒత్తిడిని అదుపు చేసే చిన్న డబ్బాను యాక్చుయేటర్ అంటారు. దానికి ఒక సన్న గొట్టం వస్తుంది. కొన్ని కార్లలో ఆ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. అది ఊడిందా, వేస్ట్‌గేట్ తెరుచుకోదు. ఒత్తిడి హద్దు దాటి పిస్టన్లకే ముప్పు. కదిలే రెక్కల టర్బో ఉన్న చాలా డీజిల్ కార్లలో మాత్రం వాక్యూమ్ ఉంటుంది. అక్కడ గొట్టం ఊడితే కారు లాగదు. అందుకే కొనే ముందు అది ఏ గొట్టమో తెలుసుకోవాలి.

వాక్యూమ్ పీలుస్తుందని అంటాం గాని, నిజానికి బయటి వాతావరణమే లోపలికి నొక్కుతుంది. మీరు చదివిన 760 మిల్లీమీటర్ల పాదరసమే ఇది. ఎంత వాక్యూమ్ తీసినా తేడా ఒక బార్ దాటదు. 6 మి.మీ. గొట్టం చివర మీద ఒక బార్ బలం ఎంతో లెక్క కట్టండి: 3.14 × 3 × 3 = 28 చదరపు మి.మీ., అంటే సుమారు 2.8 న్యూటన్లు. పావు కిలో బరువు కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి ఇక్కడ అసలు శత్రువు ఒత్తిడి కాదు, వేడి.

నాకు ఇది తెలియక ఒక డీజిల్ కారుకు, గాలి పరికరాల షాపులో దొరికే పి.యు. గొట్టం వేశాను. చూడ్డానికి చక్కగా ఉంది. టర్బో పక్కగా వెళ్లే ఆ గొట్టం వేడికి మెత్తబడి, వాక్యూమ్‌కు అణిగి మూసుకుపోయింది. పిల్లలతో వెళ్తున్న ఆ కుటుంబం శ్రీశైలం ఘాట్‌లో ఆగిపోయింది. రాత్రి వచ్చిన ఆ ఫోను ఇప్పటికీ గుర్తుంది.

పి.యు. 60 డిగ్రీల దరిదాపుల్లోనే బలం తగ్గుతుంది. నైలాన్ ఇంకొంచెం ఓర్చుకుంటుంది. బాగా వేడి చోట పి.టి.ఎఫ్.ఇ. మంచిది, అది 260 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. గొట్టం ఒక్కటే తట్టుకుంటే చాలదు. ఫిట్టింగు లోపల పళ్ల ఉంగరం గొట్టాన్ని పట్టుకుంటుంది, రబ్బరు ఉంగరం లీకును ఆపుతుంది. ప్లాస్టిక్ ఫిట్టింగు, మామూలు రబ్బరు టర్బో దగ్గర పనికిరావు; ఇత్తడి ఒళ్లు, విటాన్ రబ్బరు ఉన్నవి అడగండి. వాక్యూమ్‌కు పనికొస్తుందని తయారీదారు పట్టికలో ఉందో లేదో కూడా చూడాలి.

కొలత అంటే ఇక్కడ బయటి వ్యాసం. పావు అంగుళం 6.35 మి.మీ.; 6 మి.మీ. గొట్టాన్ని పావు అంగుళం ఫిట్టింగులో పెడితే పట్టినట్టే ఉంటుంది, లీకవుతుంది. మెత్తటి సిలికాన్ గొట్టాన్ని పళ్లు కోసేస్తాయి, దానికి ముళ్ల నిపిల్, క్లిప్పే సరి. గొట్టాన్ని కత్తెరతో కాక కట్టరుతో నిలువుగా కోసి, చివరి దాకా నొక్కి, ఒకసారి వెనక్కి లాగి చూడండి.

ఇంకొక మాట. సబ్బు నీళ్ల బుడగ ఒత్తిడి గొట్టానికే పనికొస్తుంది. వాక్యూమ్ గొట్టంలో గాలి లోపలికి పోతుంది కాబట్టి బుడగ రాదు. గేజి ఉన్న చేతి పంపు పెట్టి ముల్లు నిలబడుతుందో లేదో చూడాలి. బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని మాత్రం నేను పుష్ ఫిట్టింగుతో ఎప్పుడూ మార్చను, కంపెనీ గొట్టమే వేస్తాను.

వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఒక ఫిట్టింగును అడ్డంగా కోసి తెస్తాను. లోపలి పళ్లు మీరే చూడండి.