సేవాసంస్థలో ఉద్యోగమా? ముందు ఈ సంగతులు తెలుసుకోండి

చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లెలో డిగ్రీ ముగించిన పిల్లల్ని ఏం చేస్తారని అడిగితే బెంగళూరో, బ్యాంకు కోచింగో, ప్రభుత్వ నోటిఫికేషనో అంటారు. బస్సెక్కితే చేరగలిగిన దూరంలో ఉన్న సేవాసంస్థలు చాలామందికి గుర్తుకు రావు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్‌కు కుప్పం దగ్గర గుడివంకలో 172 ఎకరాల క్యాంపస్ ఉంది. ప్రభుత్వ బడి పిల్లలతో సైన్స్ ప్రయోగాలు చేయించడం వాళ్ళ పని. ఊరుమ్మడి భూములు, నీటి వనరుల మీద పనిచేసే ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ (ఎఫ్‌ఈఎస్) మదనపల్లె వైపు ఉంది. రిషి వ్యాలీ విద్యాసంస్థ పల్లె బడులు నడుపుతోంది. మైరాడా అనే సంస్థ కుప్పం పల్లెల్లో పొదుపు సంఘాలతో పనిచేసింది. అనంతపురంలో 1969 నుంచి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) ఉంది.

ఈ కొలువుల్లో మన ప్రాంతం పిల్లలకు పెద్ద బలం భాష. తెలుగుతో పాటు తమిళం, కన్నడం మాట్లాడగలిగినవాళ్ళు, పాడి గురించీ పట్టుపురుగుల గురించీ టమోటా ధర గురించీ రైతుతో సమంగా మాట్లాడగలిగినవాళ్ళు సంస్థలకు కావాలి. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదవాలంటే తిరుపతి ఉంది. బీఎస్సీ, బీఈడీ వాళ్ళకు విద్యాసంస్థల్లో చోటుంటుంది. బీకాం వాళ్ళకు లెక్కల పని ఎక్కడైనా ఉంటుంది.

ఇక కష్టం సంగతి. జీతం తక్కువని అందరికీ తెలుసు. పాలు పితికి, వంటలయ్యాక ఆడవాళ్ళు పొదుపు సంఘం మీటింగుకు వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. ఏనుగులు తిరిగే కౌండిన్య అడవి అంచు పల్లెల నుంచి ఆ చీకట్లో బండి మీద తిరిగి రావాలి. మొదటి రోజుల్లో "దీంతో మాకేం వస్తాది సార్?" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. పగలంతా ఊళ్ళో తిరిగి, రాత్రి ఫోటోలు అప్‌లోడ్ చేసి, రిపోర్టు రాయాలి. ఇవన్నీ అలవాటవుతాయి.

అలవాటు కానిది ఒకటుంది. ఊరు మారడానికి పట్టే కాలం వేరు, ప్రాజెక్టు గడువు వేరు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల నిబంధన ప్రకారం కొనసాగే ప్రాజెక్టుకైనా, మొదలుపెట్టిన ఏడాదిని పక్కనబెడితే, గరిష్ఠ గడువు మూడేళ్ళే. సంఘం నిలదొక్కుకునే వేళకు నిధులు ఆగిపోతాయి, మిమ్మల్ని ఇంకో మండలానికి పంపుతారు. విదేశీ నిధులదీ అదే అనిశ్చితి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థల మీద ఆధారపడిన చిన్న సంస్థలకు అది పెద్ద దెబ్బ. 2025లో ఆర్డీటీకి విదేశీ నిధుల అనుమతి రెన్యూవల్ నిలిచిపోయినప్పుడు అనంతపురంలో జనం రోడ్డెక్కారు. దశాబ్దాల పాటు ఒకేచోట పనిచేసిన సంస్థకే జనం అలా నిలబడతారు.

అంత ఓపిక ఎలా ఉంటుందో చూడాలంటే మన దగ్గరే ఉదాహరణ ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో తెరిచారు. క్షయను నయం చేసే మందు 1940ల దాకా రాలేదు. అన్నేళ్ళూ గాలి, తిండి, విశ్రాంతి, శస్త్రచికిత్సలతోనే రోగుల్ని చూసుకున్నారు.  అక్కడ మొదటి పాతికేళ్ళు పనిచేసిన నర్సును ఏ మూడేళ్ళ రిపోర్టు కొలవగలదు? ఈ ఉద్యోగంలో దక్కే తృప్తి ఇలాంటిదే, ఆలస్యంగా వస్తుంది. ఒకప్పుడు సంతకం చేయడానికి వణికిన సంఘం సభ్యురాలు బ్యాంకు మేనేజరును నిలదీస్తుంది. మీరు లేకుండానే సంఘం మీటింగు జరిగిపోతుంది. అది చూడాలంటే ఒకే ప్రాంతంలో కనీసం అయిదారేళ్ళు ఉండాలని నా అభిప్రాయం.

అందుకే ఇంటర్వ్యూలో మొహమాటపడకండి. ఈ పోస్టుకు డబ్బు ఎవరిస్తున్నారు, ఎప్పటిదాకా? గడువు ముగిశాక ఇంతకుముందున్న సిబ్బందిని ఏం చేశారు? పీఎఫ్ కడతారా? ఇరవైమంది ఉద్యోగులున్న సంస్థకు అది చట్టప్రకారం తప్పనిసరి. రాత్రి ప్రయాణానికి, బండికి, ప్రమాద బీమాకు ఖర్చెవరిది? ఆడపిల్లలు ఈ ప్రశ్న తప్పక అడగాలి. సంస్థ వివరాలు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో చూడండి. ఆ సంస్థ పనిచేస్తున్న ఊరికి ఒక సాయంత్రం వెళ్ళి, ఫీల్డు మనిషి పేరు అక్కడి ఆడవాళ్ళకు తెలుసో లేదో కనుక్కోండి.