పూత - కాత

పాఠ్యభాగ ఉద్దేశం:
ఆరోగ్యంగా కనిపించే టమాటా మొక్క పూసి కూడా కాయకపోవడానికి కారణాలను తెలియజేసి, పైకి కనిపించే లక్షణం వెనుక దాగిన హేతువును అన్వేషించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం.

పాఠ్యభాగం:
సింహాచలం కొండ సంపెంగలకు, పనసకు, అనాసకు ప్రసిద్ధి. ఆ కొండ దిగువ పెరళ్లలోను, విశాఖ నగరపు మేడలపైన పలువురు టమాటా పెంచుతారు. ఉత్తరాంధ్ర ప్రజలకు ఇది రామములక్కాయ. వేసవిలో ఈ మొక్క ఏపుగా ఎదిగి, పసుపుపచ్చని పూలతో కళకళలాడినా కాయ పట్టదు. తొడిమ మధ్యనున్న కణుపు వద్ద విడివడి పూవు రాలిపోతుంది.

మొక్కకు బలం చాలలేదని తలచి యూరియా వేయడం పరిపాటి. నత్రజని అధికమైతే ఆకులు, కొమ్మలు విస్తరిస్తాయే కాని కాత పెరగదు. ఖర్చు వృథా అవుతుంది.

వేసవిలో అసలు కారణం చాలావరకు రాత్రి వేడిమియే. పిందె పట్టడానికి 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ రాత్రి ఉష్ణోగ్రత అనుకూలం. విశాఖ తీరంలో మే నెల రాత్రులు 27 డిగ్రీల ప్రాంతంలో ఉంటాయి. పూవు విచ్చుకోవడానికి సుమారు పది రోజుల ముందు, మొగ్గలోనే పుప్పొడి రూపొందుతుంది. ఆ దశలో వేడి సోకితే పుప్పొడి నిస్సారమవుతుంది. పూవు అందం మాత్రం తగ్గదు. పైగా సముద్రతీరపు తేమకు పుప్పొడి ముద్దకట్టి సరిగా రాలదు.

టమాటా పూవులో కేసరాలు గొట్టంవలె కీలాన్ని చుట్టి ఉంటాయి. పూవు కదిలితేనే పుప్పొడి చక్కగా రాలుతుంది. ఇందుకు గాలి చాలు. గండుతుమ్మెద మరింత ఉపకరిస్తుంది. తుమ్మెద సంపెంగపై వాలదని కవిసమయం. టమాటా పూవును మాత్రం అది పట్టుకొని రెక్కల కండరాలను కంపింపజేస్తుంది. ఆ ఝంకారానికే పుప్పొడి రాలుతుంది. గాలి ఆడని చోట ఉదయంపూట పూగుత్తిని మెల్లగా తట్టవచ్చు. వేడికి చెడిన పుప్పొడికి ఈ ఉపాయం పనిచేయదు.

సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తునున్న మదనపల్లె ప్రాంతంలో రాత్రులు తీరంకంటె చల్లన. అక్కడ వేసవిలోను టమాటా పండుతుంది. తీరవాసులు సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో నారు పోస్తే పూత చలికాలానికి అందివస్తుంది. పూత రాలినప్పుడు ఎరువు వెదకడానికి ముందు ఋతువును గమనించడం వివేకం.

కఠిన పదాలకు అర్థాలు:
హేతువు = కారణం
పరిపాటి = వాడుక
నిస్సారం = సారం లేనిది
కవిసమయం = కవులు సంప్రదాయంగా పాటించే కల్పన

ప్రశ్నలు:
1. వేసవిలో విశాఖ తీరాన టమాటా పూత రాలడానికి కారణాలను వివరించండి.
2. టమాటా పూవుకు గండుతుమ్మెద ఎట్లు ఉపకరిస్తుంది?