దేవకి పలుకు: ఒక బంధువాచక పరిశీలనము

భాగవత దశమస్కంధమున, చెల్లెలి ప్రీతికై కంసుడు తానే పగ్గములు పట్టి పెండ్లిరథమును నడపెను. దేవకి అతని పినతండ్రి దేవకుని కూతురు. ఆమె యెనిమిదవ గర్భము తన్ను చంపునని ఆకాశవాణి పలుకగనే, ఆమె కొప్పు పట్టి కత్తి యెత్తెను. అన్న హంతకుడని ఆమె యెఱిగిన క్షణమదియే. సంస్కృతమూలమున అచ్చట దేవకికి మాట లేదు, వసుదేవుడే వేడుకొనెను.

ఆమె పలుకు నాల్గవ యధ్యాయమున వినబడును. అప్పటికి ఆర్గురు కొడుకులు హతులైరి. చేతనున్న ఆడుశిశువును కాచుకొనుటకై వ్యాసుని దేవకి ‘స్నుష’ యను పదము వాడినది. స్నుష యనగా కొడుకు భార్య. అది రాబోవు సంబంధము. పోతన దేవకి ‘మేనకోడ’లన్నది. ఇది పుట్టుకతో వచ్చిన బంధుత్వము. అయినను ఆ మాటలో ‘కోడలు’ కూడ నున్నది. మేనరికము గల తెలుగునాట ఒక్క పదమే మూలార్థమును నిలిపి, రక్తబంధమును చేర్చినది.

పోతన ఆమెచే ‘అన్న’ యని మరల మరల పిలిపించెను. కంసుని స్వభావ మెఱిగియే ఆమె అట్లు పిలిచినది. చెఱలోనున్న తల్లికి మిగిలిన ఆయుధ మా పిలుపొక్కటే. కంసుడు వినలేదు, శిశువును ఱాతిపై కొట్టెను. కావుననే ఈ బంధువాచకములు కరుణరసపోషకములని గ్రహింపవలెను.