కుంట తవ్వించే ముందు మట్టిలో బంక ఎంతుందో చూసుకోండి



సేద్యపు కుంటలో నీళ్లు నిలవకపోతే పెట్టిన డబ్బూ పోతుంది, తవ్విన భూమీ పోతుంది. నిలవాలంటే అడుగు మట్టిలో బంక ఉండాలి. జేసీబీని పిలవకముందే ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. పై వీడియోలో చేసి చూపించాం, ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాం.

మట్టి ఎక్కడ తీయాలి?
పైమట్టి పనికిరాదు. కుంట అడుగు వచ్చే లోతులోని మట్టి కావాలి. మధ్యలో రంగు మారిన ప్రతి పొర నుంచీ విడిగా తీయండి.

సీసా పరీక్ష
1. మట్టిని ఆరబెట్టి, గడ్డలు నలిపి, రాళ్లు, వేర్లు ఏరేయండి.
2. నిటారు గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, ఒక చెంచా బట్టల సబ్బు పొడి వేయండి. అతుక్కున్న బంక రేణువులు విడిపోవడానికే సబ్బు.
3. 5 నిమిషాలు బాగా గిలకొట్టి, కదలకుండా పెట్టండి.
4. 1 నిమిషానికి అడుగున చేరింది ఇసుక. 2 గంటలకు దాని మీద చేరింది ఒండ్రు. ఒకటి రెండు రోజులకు నీళ్లు తేటపడ్డాక పైన పేరుకున్నది బంక. ఎప్పటికప్పుడు గీత పెట్టుకోండి.

మొత్తం మట్టి 10 సెం.మీ., అందులో బంక 3 సెం.మీ. ఉంటే సుమారు 30 శాతం అన్నమాట. అయితే సీసాలో బంక నీళ్లు పట్టి ఉబ్బి ఉంటుంది కాబట్టి, అసలు బరువు ఇంకా తక్కువే. ల్యాబ్‌లో మాత్రం 0.002 మి.మీ. కంటే సన్నని రేణువులనే బంకగా, బరువు ప్రకారం లెక్కేస్తారు.

ఒండ్రును చూసి మోసపోకండి
ఒండ్రు కూడా మెత్తగానే ఉంటుంది, కానీ బంకలాగా నీటిని ఆపలేదు. ఎండిన గడ్డను వేళ్లతో నొక్కండి. పిండిలా రాలితే ఒండ్రు ఎక్కువ, ఎంత నొక్కినా పగలకపోతే బంక ఎక్కువ. తడి మట్టిని బొటనవేలితో నొక్కుతూ పట్టీలా సాగదీయండి. 5 సెం.మీ. దాటినా తెగకపోతే గట్టి బంకమట్టి.

నల్లరేగడి అయితే?
శాతం ఒక్కటే చాలదు, బంక రకం కూడా చూడాలి. కొలత గీతలున్న రెండు గాజు గొట్టాల్లో 10 గ్రాముల చొప్పున మెత్తని ఎండు మట్టి వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోయండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. 24 గంటల తర్వాత కిరోసిన్‌లో 10 మి.లీ., నీళ్లలో 20 మి.లీ. ఉంటే ఉబ్బు 100 శాతం. అలాంటి మట్టి ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. తొలి వాన నీళ్లు ఆ నెర్రెల్లోంచే దిగిపోతాయి. గట్టుకు ఆ మట్టి ఒక్కటే వాడొద్దు, పైన మొరం పొర వేయించండి.

చివరగా, కుంట అడుగు లోతుకు చిన్న గుంత తీసి, నీళ్లు నింపి, ఒక రాత్రికి ఎంత ఇంకిందో చూడండి. సీసా చెప్పిందీ, గుంత చెప్పిందీ ఒకటే అయితేనే తవ్వకం మొదలుపెట్టండి.