జైలు గోడల లోపలి హక్కులు

రిమాండ్‌కు వెళ్లిన మనిషికి బయట తిరిగే స్వేచ్ఛ పోతుంది, జీవించే హక్కు పోదు. సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పిన కేసుల్లో ఒకటి జమ్మలమడుగుకు ఉత్తరాన ఉన్న కోవెలకుంట్లది. 1977 మే 5 రాత్రి, తెల్లవారితే 6 అనగా, అక్కడి సబ్ జైల్లో చొరబడినవారు ఏడో గదిలోకి బాంబులు విసిరారు. లోపల ఉన్న తండ్రీకొడుకుల్లో చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయారు, కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. ప్రాణహాని ఉందని వారు ముందే మొరపెట్టుకున్నారు. నష్టపరిహారం దావాను కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇవ్వమంది. ప్రభుత్వం సార్వభౌమాధికారం అడ్డుపెట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లింది. జీవించే హక్కును కాపాడలేనప్పుడు ఆ సాకు చెల్లదని 2000లో తీర్పు వచ్చింది. అప్పటికి ఘటన జరిగి 23 ఏళ్లు.

తల్లులతో పాటు జైల్లో ఉండే పిల్లల ఆలనాపాలనపై 2006లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చిన కేసులోనూ ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. కులాన్ని బట్టి ఖైదీలకు పని కేటాయించే నిబంధనలు చెల్లవని 2024 అక్టోబరు 3న అదే కోర్టు ప్రకటించింది. ఖైదీల హక్కులు చాలావరకు ఇలా ఒక్కో కేసుతో ఒక్కొక్కటిగా వచ్చినవే. అయితే గేటు దగ్గరి సిబ్బంది చేతిలో ఉండేది తీర్పు ప్రతి కాదు, నిబంధనల పుస్తకం. అది మారాలంటే రాష్ట్రం కదలాలి. జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం. దశాబ్దాలుగా వాటి పాలన నడిచింది 1894 నాటి చట్టం మీద. కాపలా, క్రమశిక్షణ, శిక్ష గురించి చెప్పినంతగా ఆ చట్టం మనిషి బాగుపడటం గురించి చెప్పదు. కేంద్ర హోంశాఖ 2023లో పంపిన నమూనా చట్టంలో ఫిర్యాదుల పరిష్కారం, వృత్తి శిక్షణ, పెరోల్, ఆరుబయలు జైళ్లు, విడుదలయ్యాక పునరావాసం ఉన్నాయి. పేరులోనే ఉన్నట్టు అది నమూనా. రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అది హక్కు అవుతుంది.

పునరావాసానికి దగ్గరి ఉదాహరణ అనంతపురం ఆరుబయలు జైలు. సత్ప్రవర్తన గల శిక్షా ఖైదీలు అక్కడ సేద్యం చేస్తారు. చిక్కల్లా ఇలాంటి అవకాశాలు శిక్ష పడినవారికే కావడం. దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది విచారణ ముగియనివారు. కేసులో ఇరుక్కున్నవారికి సాధారణంగా మొదట ఎదురయ్యేది రిమాండే.

రిమాండ్ ఖైదీకి ఇప్పుడు అక్కరకొచ్చేది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్. గతంలో ఏ కేసులోనూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావారు సగం కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. మూడేళ్ల వరకు శిక్ష పడే మామూలు దొంగతనం కేసులో మొదటిసారి వచ్చినవారికి అది ఏడాది. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు ఇది వర్తించదు; ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నా ఈ దారిలో బెయిల్ రాదు. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ది. అలాగని ఇంటివాళ్లు ఊరకుండటం మంచిది కాదు. అరెస్టు తేదీ, సెక్షన్లు, క్రైమ్ నంబరు ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే ఎక్కడ అడిగినా పని సులువవుతుంది.

బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే మిగిలిపోయేవారు ఉంటారు. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలనీ, నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతుల సడలింపును కోర్టే పరిశీలించవచ్చనీ 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పేద ఖైదీల కోసం కేంద్రం అదే ఏడాది తెచ్చిన పథకం కింద పూచీకత్తుకు, జరిమానాకు ఆర్థిక సాయం అందుతుంది; మొదట ఆ పరిమితి పూచీకత్తుకు 40,000, జరిమానాకు 25,000 రూపాయలుగా ఉండేది. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలును పెట్టాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. ఇందుకు దగ్గరి కోర్టులోని మండల న్యాయసేవా కమిటీని అడగవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా ఖైదీయే జైలు అధికారికి అర్జీ ఇవ్వవచ్చు.